పిట్టకూ చోటుండాలి, పేదకూ చోటుండాలి

కడప జిల్లా లంకమల ప్రాంతంలో కలివికోడి మాట ఎత్తితే పెదవి విరిచేవారున్నారు. పిట్టకున్న విలువ మనిషికి లేదా అని అడుగుతారు. ఈ ప్రశ్నను మనం తేలిగ్గా కొట్టిపారేయరాదు.

1900 తరువాత కనిపించక, అంతరించిపోయిందనుకున్న ఈ పిట్ట 1986లో ఒక స్థానిక వేటగాడి సాయంతోనే మళ్లీ దొరికింది. ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీ తన చివరి రోజుల్లో ఆ శుభవార్త విన్నారు. పిట్ట రక్షణకు లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. 2005లో తెలుగుగంగ కాల్వ తవ్వకం దాని పొదల్లోకి రాగా, తరువాత కాల్వ దారినే మార్చవలసి వచ్చింది. నీటి కోసం ఎదురుచూసే రైతుకూ, మేకలను ఎటు తోలాలో తెలియని కాపరికీ కోపం రావడం సహజమే.

అయితే ఆ కోపాన్ని నోరులేని ప్రాణిపై చూపడం న్యాయం కాదు. దివ్య ఖురాన్ పశుపక్ష్యాదులను మనవంటి సముదాయాలుగానే పేర్కొన్నది. పిల్లలను పోగొట్టుకొని అల్లాడుతున్న తల్లిపిట్టను చూసి దైవప్రవక్త (స) ఆ పిల్లలను తిరిగి ఇచ్చేయమని సహచరులను ఆదేశించారు.

మరి పేదవాని సంగతేమిటి? దీనికీ మన చరిత్రలో జవాబుంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో 'హిమా' అనే రక్షిత పచ్చికబయళ్లు ఉండేవి. అవి ప్రజల సొత్తయిన పశువుల కోసం ఉద్దేశించినవి. అయినా కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవారిని లోనికి రానివ్వమనీ, పెద్ద మందలున్న సంపన్నులను ఆపమనీ ఆయన కాపలాదారుకు చెప్పారు. ధనికుని మంద నశిస్తే అతనికి తోటలు, పొలాలు ఉంటాయి. పేదవాని మంద నశిస్తే అతడు బిడ్డలతో వచ్చి ఖలీఫా ముందు నిలబడతాడు. రక్షణ ఉండాలి, దాని భారం మాత్రం బీదవాని నెత్తిన పడరాదు.

కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. పొదల మధ్య ఖాళీ నేల కావాలి. మేత మితంగా సాగితే పొదలు మరీ కమ్ముకోవు. కనుక కాపరి దానికి శత్రువు కాడు. పొదలను వేళ్లతో పెకలించి నేలను చదును చేసేవారి వల్లనే దానికి ముప్పు.

అందుచేత అధికారులు కంచె వేసేముందు కాపరులతో కూర్చుని మాట్లాడాలి. కాపలా పనులు ఆ పల్లెలవారికే ఇవ్వాలి. మనవంతుగా మనం వలపన్ని పట్టిన అడవి పిట్టలను కొనడం మానాలి. ఇమాములు ఒక జుమా ప్రసంగంలో ఈ మాట చెబితే ఎన్నో ఇళ్లకు చేరుతుంది. అల్లాహ్ మనకు అప్పగించిన ఈ అమానతు గురించి రేపు మనం జవాబు చెప్పుకోవలసి ఉంది.