పాలు పితికే యంత్రం కొనే ముందు లెక్క చూసుకోండి

పాడి రైతు సోదరులారా, మనిషి చెయ్యి పడకుండానే ఆవు పాలు పితికే యంత్రాన్ని మీలో చాలామంది సెల్‌ఫోనులో చూసే ఉంటారు. తెల్లవారుజామున లేచే బాధ తప్పుతుందన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. అయితే వాడుతున్నవారి అనుభవం కూడా వినాలి.

ఈ యంత్రం 1992లో నెదర్లాండ్స్ రైతుల కొట్టాల్లోకి వచ్చింది. దాణా కోసం ఆవు తనంతట తానే వచ్చి నిలబడుతుంది. యంత్రమే చన్నులు కడిగి, గొట్టాలు తగిలించి, పాలు తీసి వదిలేస్తుంది. ఒక్కటి సుమారు 60 ఆవులకు సరిపోతుంది. వాడుతున్న రైతులకు నడుంనొప్పి తగ్గింది, వేళకు కట్టుబడే బాధ తగ్గింది. కాని పని పోలేదు, మారింది. రాని ఆవును తోలుకురావాలి. యంత్రం ఆగిపోతే అర్ధరాత్రి అయినా ఫోను మోగుతుంది, లేవాలి. చన్నుల తీరు కుదరని ఆవును మందలోంచి తీసేయాల్సిందే.

రెండు మూడు గేదెలున్న మనకు అది లెక్కకే రాదు. మనకు అందేది బకెట్టు యంత్రం. దాన్ని మనిషే తగిలించాలి, మనిషే తీయాలి. దీనికైనా తొందరపడొద్దని నా మనవి. ఆవు పొదుగులో కొన్ని పాలు ముందే కిందికి దిగి ఉంటాయి. గేదె అలా కాదు, చేపితేనే ఇస్తుంది. చేపకముందే తగిలించినా, పాలు అయిపోయాక ఉంచినా యంత్రం ఉత్త చన్నును లాగుతుంది. చన్ను కొన దెబ్బతిని పొదుగువాపుకు దారి తీస్తుంది. రబ్బర్లు సరిగా కడగకపోతే ఒకదాని జబ్బు మరోదానికి అంటుతుంది.

చేత్తో పితికేటప్పుడు పొదుగులో వేడి, గట్టిదనం చేతికే తెలిసిపోతాయి. యంత్రం పెట్టాక పనిగట్టుకుని చూడాలి. రోజూ మొదటి ధారలు నల్లటి పళ్లెంలో పిండి, విరుగుళ్లు ఉన్నాయేమో చూడండి.

ఎనిమిది, పది పశువులుండి, పితికేవారు దొరక్క అవస్థపడే ఇంటికి యంత్రం నిజంగా ఆసరాయే. మిగతావారు ముందు నాలుగు సంగతులు చూసుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారు? రబ్బర్లు, మరమ్మతు మనిషి దగ్గర్లో దొరుకుతారా? కడగడానికి వేడినీళ్లు, ఓపిక ఉన్నాయా? పాల డబ్బులో బ్యాంకు వాయిదా పోగా దాణాకు మిగులుతుందా? చాలా ఇళ్లలో పాలు పితికేది ఆడవాళ్లే. వాళ్లనడగకుండా బయానా ఇవ్వొద్దు.

సబ్సిడీ ఇచ్చే అధికారులకూ ఒక మాట. యంత్రం చేతిలో పెట్టి ఫోటో దిగితే సరిపోదు. వాడకం నేర్పాలి, మండలంలో మరమ్మతు ఏర్పాటు చేయాలి. అవి లేనిచోట యంత్రం మూలపడుతుంది, అప్పు మాత్రం రైతు నెత్తిన ఉంటుంది. అంతకంటే ఆ డబ్బు పచ్చిమేతకు, మంచి పెయ్యదూడను పెంచడానికి పెట్టడమే మేలు.