నీటిపేళ్ల బాట

ఆత్మకూరునకు వచ్చినవారు ఇక్కడ చూడదగిన దేమని యడిగినచో, ఊరివారు ఏదో యొక గుడిని చూపి పంపుదురు. నంద్యాల జిల్లాలోని ఈ చిన్న పట్టణపు అసలు వారసత్వము ఊరు దాటి నల్లమలలోనికి చొచ్చిపోయిన శ్రీశైలపు కాలిబాటలో ఉన్నది. మోటారుదారి దోర్నాల మీదుగా చుట్టి పోవుటచేత, ఆ బాటకు తొలిగడప యైన ఊరే దానిని మరచుచున్నది.

ఆ దారి మజిలీల పేళ్లను ఒక్కసారి చదివి చూడుడు: వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము. చెరువు, బావి, కొలను! నాగలూటిలో సైతము ‘ఊట’ యను మాటయే నా చెవికి వినబడుచున్నది. భాషావేత్తలు కాదన్నను నేను నమ్మక మానను. వానకు మొగము వాచిన సీమలో మన పెద్దలు దారిని దప్పికతో కొలిచిరి. ఎచ్చట నీరో అచ్చటనే మజిలీ. నాగలూటి వీరభద్రాలయము కడ విశ్రమించి, భీముని కొలను లోయలోనికి దిగి, మరల కైలాసద్వారమునకు మెట్లెక్కువాడు ఈ లెక్కను కాళ్లతో నేర్చుకొనును.

శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించిన కీర్తి 14వ శతాబ్దిలో అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డిది. గుడి కట్టించిన రాజు దేవుని తలచెను; మెట్లు కట్టించిన రాజు ముసలివారి మోకాళ్లను గూడ తలచెను.

1830 మే నెలలో మద్రాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలము, మహానంది చూచుకొని ఆత్మకూరు మీదుగానే శ్రీశైలమునకు పోయెను. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. శివరాత్రికి వచ్చు మనుష్యునికి 7 రూపాయలు, గుర్రమునకు 5 రూపాయలు కందనూరు నవాబు సుంకము గొనుచుండెనని ఆయన వ్రాసియుంచెను. ఏడు రూపాయలనగా ఆనాటి కూలివానికి ఎన్ని దినముల కష్టమో విద్యార్థులచేత లెక్క వేయింపవచ్చును. చరిత్ర, భూగోళము, గణితము ఒక్క పుటలో దొరకుట అరుదు.

నేడు ఈ బాటను నిలుపుచున్నవి ముఖ్యముగా కన్నడిగుల పాదములు. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావించి, ఉగాదికి పసుపుకుంకుమలతో వారు వేలాదిగా నడచి వత్తురు. కొందరు కొయ్యకాళ్లపై నిలిచి నడతురు. మనవారును శివరాత్రికి నడచుట కద్దు గాని, బస్సు కనబడిన వెంటనే మన భక్తికి కాళ్లు నొచ్చును.

ఐర్లండు దేశమున 1980లో విక్లో కొండలలో ఒక దూరపు నడకబాటను తెరచి, దారిపొడుగున గుర్తుకంబములు పాతిరి. అది ముగియు క్లోనెగాల్ అను చిన్న ఊరి పేరు పరదేశపు పాదచారులకు తెలియుట ఆ బాట చలువయే. మనకు కొత్తగా తెరవవలసిన బాట లేదు. ఉన్నదానిని తలచుకొన్న చాలును.

అట్లని దానిపై సిమెంటు పోసి ఏడాదిపొడుగున జనమును తోలవలెనని నా మతము కాదు. అది పులుల అభయారణ్యము, చెంచుల యిల్లు. నడకను పండుగదినములకు పరిమితము చేసిన అటవీశాఖవారి నియమము న్యాయమైనది. యాత్రికులు వదలిపోవు ప్లాస్టిక్ సీసాలను చూచినవారెవ్వరును కాదనలేరు. కాని ఊరు పురపాలకులది, అడవి అటవీశాఖది, గుడి దేవాదాయశాఖది. నడుమనున్న బాట యెవ్వరిది? ఆత్మకూరు పాఠశాలలు దానిని తమదిగా జేసికొనవలెను. ఉపాధ్యాయులు వీరాస్వామయ్య పుటలను తరగతిలో చదివించి, అటవీశాఖ అనుమతితో ఏటేట ఒక పగలు పిల్లలను నాగలూటివరకు నడిపింపవలెను. పిల్లలు మెట్లను లెక్కించి, కదలినవానిని పటములో గుర్తించి శాఖవారికి అందజేయవలెను. మజిలీకొక రాయి పాతి పేరు చెక్కింపవలెను. ఆ పేరు తెలుగుననే గాక కన్నడమునను ఉండవలెను.