పట్టాకు ఉన్న న్యాయం తుపాకీకి లేదా?

భిలాయ్ ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే ప్రతి రైలు పట్టా నడుము మీద కొన్ని అక్షరాలు, అంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. తయారీదారు ఎవరు, ఏ నెల, ఏ సంవత్సరం, ఏ రకం ఉక్కు అన్న వివరాలు అవి. వాటితోపాటు హీట్ నంబరు కూడా అచ్చువేసి ఉంటుంది. దేశంలో ఏ మూలనైనా ఆ పట్టా పగిలితే, అది ఏ కరగింపులోని ఉక్కో కర్మాగారం రికార్డుల్లో వెతికి పట్టుకోవచ్చు. ఆ కర్మాగారంలో తరతరాలుగా పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ నంబరు విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

అదే భిలాయ్‌లో సరిహద్దు భద్రతా దళం ఛత్తీస్‌గఢ్ విభాగపు ప్రధాన కార్యాలయం ఉంది. దల్లీ రాజహరా గనుల్లో ఇనుప ఖనిజం తరిగిపోతున్నందున కర్మాగారం చూపు చాలాకాలంగా రావ్‌ఘాట్ కొండల మీద ఉంది. ఆ కొండలకు వేస్తున్న రైలు మార్గానికి, ఆ అడవులకు కేంద్ర బలగాలే కాపలా. ఆ బలగాల చేతికి ఏళ్ల తరబడి ఇచ్చిన తుపాకీ ఇన్సాస్. దాని మీదా ఒక నంబరు ఉంటుంది. తుపాకీ పోతే ఆ నంబరు వెంటనే పలుకుతుంది, జవాను సంజాయిషీ చెప్పుకోవాలి. తుపాకీ మొరాయిస్తే మాత్రం ఆ నంబరు మూగబోతుంది. సంజాయిషీ అప్పుడూ జవానుదే.

ఇన్సాస్‌ను రూపొందించింది పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ. తయారుచేసింది ఇషాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లి ప్రభుత్వ కర్మాగారాలు. 5.56 మిల్లీమీటర్ల తూటా, ఒక్కసారి మీట నొక్కితే మూడు తూటాల వరుస. గుండ్లు వృథా కాకూడదన్నది ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. 1999లో కార్గిల్ కొండల మీద అది తొలిసారి పెద్ద యుద్ధం చూసింది. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయి. తుపాకీ మధ్యలో ఆగిపోతోందని, మూడు తూటాల దగ్గర ఆగవలసినది ఆగకుండా పేలుతోందని, కాల్చేవాడి కళ్లలోకి నూనె చిమ్ముతోందని ఫిర్యాదులు వచ్చాయి. కొన్ని మార్పులు జరిగాయి. ఫిర్యాదులు ఆగలేదు.

2005 ఆగస్టులో నేపాల్‌లోని కాలికోట్ జిల్లా పిలి శిబిరంపై మావోయిస్టులు దాడిచేసి 40 మందికి పైగా సైనికులను చంపారు. భారత్ రాయితీ ధరకు ఇచ్చిన ఇన్సాస్ తుపాకులు గంటల తరబడి సాగిన పోరులో సరిగా పనిచేయలేదని నేపాల్ సైన్యం బహిరంగంగానే చెప్పింది. వాడకంలోనే లోపం ఉందన్నది న్యూఢిల్లీ వైపు నుంచి వచ్చిన వాదన. తుపాకీ ఆగిన ప్రతిసారీ వినిపించే మాట అదే: శుభ్రం చేయలేదు, సరిగా పట్టుకోలేదు, శిక్షణ చాలలేదు.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. తూటా గదిలోకి ఎక్కకపోవచ్చు, ఖాళీ తొడుగు బయటికి రాకపోవచ్చు, బోల్టు పూర్తిగా మూసుకోకపోవచ్చు. మసి, దుమ్ము, వంగిన మ్యాగజీన్ అంచు, అలసిన స్ప్రింగు, నాసి తూటా, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందుకే మన బలగాల శిక్షణలో ‘ఫౌరీ ఇలాజ్’ అనే పాఠం ఉంది. అంటే తక్షణ చికిత్స. మ్యాగజీన్ తీసి, కాకింగ్ హ్యాండిల్ లాగి, గది చూసి, అడ్డు తొలగించి, మళ్లీ నింపి కాల్చాలి. మైదానంలో అది కొన్ని సెకన్ల పని. మాటు వేసిన శత్రువు ముందు ఆ సెకన్లే బతుకూ చావూ. బస్తర్ వానలో రోజుల తరబడి నడిచే కంపెనీకి తుపాకీని తళతళలాడించే తీరిక ఎక్కడిది? పొడి గుడ్డ, నూనె, తీరిక ఉన్నప్పుడే పనిచేసే ఆయుధం కవాతుకు చాలు, అడవికి చాలదు. 2014లో సీఆర్‌పీఎఫ్ ఇన్సాస్ స్థానంలో వేరే తుపాకులు కోరడానికి కారణం ఇదే. ఏకేతో పోలిస్తే ఇది తరచూ ఆగిపోతోందని ఆ దళం చెప్పుకుంది. మరుసటి ఏడాది నుంచి కొంతమేరకు ఏకేలు వచ్చాయి.

అసలు ప్రశ్న యంత్రానిది కాదు, తీర్పు చెప్పేవారిది. ఆయుధ కర్మాగారాలు రక్షణ ఉత్పత్తి విభాగం కింద ఉండేవి. వాటి సరుకును పరీక్షించి ముద్రవేసే నాణ్యతా తనిఖీ సంస్థ డీజీక్యూఏ కూడా అదే విభాగం కింద ఉండేది. కొడుకు పరీక్ష రాస్తే తండ్రి మార్కులు వేసినట్టు. 2021 అక్టోబరు 1న కర్మాగారాలను 7 ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టారు. పేర్లు మారాయి. పొదలో పడుకున్న కానిస్టేబుల్ మాటకు ఈ వరుసలో ఎక్కడ చోటు ఉందో ఏ ఉత్తర్వూ చెప్పలేదు.

ప్రభుత్వమే అమ్మి ప్రభుత్వమే కొన్నా కొనుగోలుదారు గట్టిగా నిలబడవచ్చని చూపింది భిలాయే. 1998 నవంబరు 26న పంజాబ్‌లోని ఖన్నా వద్ద ఫ్రాంటియర్ మెయిల్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన జమ్మూతావి సియాల్దా ఎక్స్‌ప్రెస్ ఆ పెట్టెలను ఢీకొని 200 మందికి పైగా చనిపోయారు. పగిలిన పట్టాయే కారణం. ఆ తర్వాత పట్టాల నాణ్యత దేశవ్యాప్త చర్చ అయింది. ఉక్కులో కరిగి ఉండే హైడ్రోజన్ లోపల సన్నని చీలికలకు దారితీస్తుంది. ఆ హైడ్రోజన్ పరిమితిని రైల్వే 1.6 పీపీఎంకు బిగించింది. కర్మాగారం వాయువులు తొలగించే కొత్త యంత్రాలు పెట్టుకోవలసి వచ్చింది. కీమ్యాన్ సరిగా చూసుకోలేదని చెప్పి రైల్వే అక్కడితో ఊరుకోలేదు. ఉక్కును అడిగింది, ఉక్కు జవాబు చెప్పింది.

ఖన్నాకూ కార్గిల్‌కూ మధ్య ఏడాది కూడా లేదు. ఒకటి పట్టా, ఒకటి తుపాకీ. రెండింటి యజమానీ భారత ప్రభుత్వమే. తేడా ఎక్కడ వచ్చింది? పట్టా పగిలితే చనిపోయేది ప్రయాణికులు, అంటే ఓటర్లు. పత్రికలు, న్యాయ విచారణ, పార్లమెంటు అన్నీ కదులుతాయి. తుపాకీ ఆగితే చనిపోయేది జవాను. అతనికి త్రివర్ణ పతాకం, వందనం దక్కుతాయి. ‘వీరమరణం’ అన్న మాట ఎంత గౌరవప్రదమైనదో, దర్యాప్తును మూసివేయడానికి అంత అనువైనది కూడా.

1967లో అమెరికాలో జరిగింది మన ఎంపీలు చదవదగినది. వియత్నాంలో కొత్తగా ఇచ్చిన ఎం16 తుపాకులు పోరు మధ్యలో ఆగిపోతున్నాయని సైనికులు ఇళ్లకు ఉత్తరాలు రాశారు. తల్లిదండ్రులు వాటిని కాంగ్రెస్ సభ్యులకు చేర్చారు. అక్కడా సైన్యం మొదట శుభ్రత లోపమే అన్నది. ఇకార్డ్ నాయకత్వంలోని ఉపసంఘం విచారించి తేల్చింది వేరు. తుపాకీని పరీక్షించిన మందును మార్చి వేరే మందు నింపారు, దానితో మసి, కాల్పుల వేగం పెరిగాయి. గదికి క్రోమియం పూత లేదు. శుభ్రపరిచే సరంజామా సైతం చాలినంత పంపలేదు. అధికారుల తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని ఆ నివేదిక రాసింది. క్రోమియం పూత వచ్చింది, సరంజామా వచ్చింది, అదే తుపాకీ తర్వాత దశాబ్దాలు నమ్మకంగా పనిచేసింది. యుద్ధం నడుస్తుండగానే ఆ విచారణ జరిగింది. ఇన్సాస్ మీద మన సభల్లో ప్రశ్నలు లేచాయి, జవాబులు వచ్చాయి. కాల్చినవాళ్లను పిలిపించి కూర్చోబెట్టి వినే బహిరంగ విచారణ మాత్రం జరగలేదు.

దీన్ని స్వదేశీ, విదేశీ తగాదాగా మార్చడం తేలిక. ఎం16 అమెరికా సొంత సరుకే. 2017లో ఇషాపూర్ కొత్తగా చేసిన 7.62 మిల్లీమీటర్ల తుపాకీ పరీక్షల్లో మితిమీరి ఆగిపోతోందని సైన్యం తిరస్కరించింది. ఆ తిరస్కరణను దేశద్రోహమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. కొనకముందు ‘వద్దు’ అనగలగడం సైన్యానికి వచ్చిన హక్కు. కొన్నాక ‘ఇది ఆగిపోతోంది’ అనగలగడం ఇంకా రావలసిన హక్కు. కేంద్ర హోంశాఖ కింది దళాలకు ఆ మొదటి హక్కు కూడా బలహీనమే.

మావోయిస్టు సమస్యను 2026 మార్చి 31 నాటికి ముగిస్తామని హోంమంత్రి గడువు పెట్టారు కాబట్టి ఇదంతా పాత కథ అనేవారు ఉండవచ్చు. తుపాకులు ఆ గడువుతో పదవీ విరమణ చేయవు. వేరే రాష్ట్రానికి, వేరే బెటాలియన్‌కు, ఎన్నికల బందోబస్తుకు వెళతాయి. పైగా కొత్తవి వస్తున్నాయి. అమెరికా నుంచి 2019లో 72,400 సిగ్ తుపాకులకు ఒప్పందం కుదిరింది. అమేథీ జిల్లా కోర్వాలో 6 లక్షలకు పైగా ఏకే 203ల తయారీకి 2021 డిసెంబరులో సంతకాలయ్యాయి. హైదరాబాద్ సంస్థ ద్వీప ఆర్మర్‌తో కలిసి డీఆర్‌డీఓ రూపొందించిన ‘ఉగ్రం’ 2024 జనవరిలో ఆవిష్కృతమైంది. వంద రోజుల లోపే తయారుచేశామని గర్వంగా ప్రకటించారు. ఆ వేగం మెచ్చుకోదగినదే. ఎన్ని వేల తూటాలకు ఎన్నిసార్లు ఆగిందన్న లెక్క కూడా ఆ వేదిక మీదే ప్రకటించి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ లెక్క రహస్యం కానక్కరలేదు. ఏ తుపాకీ, ఏ కర్మాగారం, ఏ నెల సరుకు, ఏ తూటా, ఎన్నోసారి కాల్పులో ఆగింది అన్న ఐదు గళ్ల పుస్తకం ప్రతి ఆయుధాగారంలో ఉంచి, దాని ప్రతిని తయారీదారుకు కాకుండా హోంశాఖ స్థాయీ సంఘానికి ఏటా పంపితే చాలు. జవాను పేరు రాయనక్కరలేదు. పేరు రాస్తే పుస్తకంలో ఏమీ నిండదని బెటాలియన్‌లో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.