బస్తా ఒకచోట, ఫైలు మరోచోట

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో జీడి పిక్కల బేరం ఎప్పుడూ బస్తా లెక్కే. బస్తా అంటే ఎనభై కిలోలు. చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు రైతు మద్దతు ధర అడిగినా ఆ లెక్కలోనే అడుగుతాడు: బస్తాకు 16,000 రూపాయలు, అంటే కిలోకు 200. కొన్నేళ్లుగా ధర్నాల్లో వినిపిస్తున్న అంకె ఇది. అందులో సగానికి, సగానికి కాస్త పైన ధరకు తెగనమ్ముకున్న సీజన్లూ ఉన్నాయి.

క్వింటాళ్లలో మాట్లాడే అధికారులకు ఈ ఎనభై కిలోలు పాతకాలపు పల్లెటూరి కొలతలా తోచవచ్చు. నిజానికి ప్రపంచ జీడి వ్యాపారమంతా ఈ బస్తా మీదే నడుస్తుంది. ఐవరీ కోస్ట్, టాంజానియాల నుంచి ఓడల్లో వచ్చే పిక్కలకు ధర కట్టేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, ఎనభై కిలోలకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందని. దాన్ని అవుట్‌టర్న్ అంటారు. నలభై ఎనిమిది అవుట్‌టర్న్ అంటే బస్తాకు 48 పౌన్లు, సుమారు 21.8 కిలోల పప్పు.

ఆ అంకె తేల్చే పద్ధతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నాలుగైదు బస్తాల్లోంచి పైనా కిందా పిక్కలు తీసి కలుపుతారు. కిలో నమూనా తూచి, అందులో ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెడతారు. ఒక్కొక్కటీ నిలువునా కోస్తారు. తెల్లగా నిండుగా ఉన్న పప్పు ఒక కుప్ప, మచ్చపడిందీ ముడుచుకుపోయిందీ మరో కుప్ప, బూజు పట్టింది ఇంకో కుప్ప. ఆ కుప్పల్ని మళ్లీ కాటా మీద పెడతారు. చిన్న కాటా, పిక్క కోసే కత్తి, చేతులకు జీడి అంటకుండా కాస్త నూనె, ఓ అరగంట సమయం. మొత్తం ప్రయోగశాల ఇదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక రైతు బస్తా నలభై ఆరు దిగేది, పక్క రైతుది నలభై ఎనిమిది దిగేది. తేడా రెండు పౌన్లు, అంటే 900 గ్రాముల పైచిలుకు పప్పు. కిలో పప్పు 700 రూపాయలనుకుంటే బస్తాకు 630 రూపాయలు దాటింది. ఆఫ్రికా పిక్కకు ఈ తేడా ఒప్పందంలోనే రాసి ఉంటుంది, తగ్గితే ధర కోస్తారు. ఉద్దానం బస్తాకు మాత్రం చాలావరకు కంటి చూపే పరీక్ష. షావుకారు గుప్పెడు పిక్కలు తీసి, గలగలలాడించి, ‘తడి ఉంది, తాలు ఉంది’ అంటాడు. రైతు లేదంటాడు. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పనక్కర్లేదు, ముఖ్యంగా ఆ రైతు అంతకుముందే ఆ షావుకారు దగ్గర అప్పు తీసుకుని ఉంటే.

ఈ బస్తా మీద ప్రభుత్వ నిఘా లేదనుకుంటే పొరపాటు. తూనికలు–కొలతల శాఖ కాటాకు ఏటా ముద్ర వేస్తుంది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ఎనభై ఎనభైగానే తూగాలి. వ్యవసాయ మార్కెట్ కమిటీలకు 1966 నాటి చట్టం ఉంది, సెస్సు ఉంది. జీఎస్టీ వాళ్లకైతే ఇక్కడ ప్రత్యేక ఏర్పాటే ఉంది: రైతు నుంచి పెంకుతో ఉన్న పిక్కలు కొన్నప్పుడు పన్ను రైతు కట్టడు, కొన్నవాడే రివర్స్ చార్జి కింద కట్టాలి. ఆహార భద్రత లైసెన్సు వేరు, ఫ్యాక్టరీల శాఖ వేరు, కాలుష్య మండలి వేరు. బస్తా ఎంత తూగిందో, దాని మీద పన్ను ఎంతో తెలుసుకునే నాథులు ఇందరున్నారు. లోపల ఏముందో, దానికి రైతుకు ఎంత రావాలో చూసే బల్ల మాత్రం ఏ ఆఫీసులోనూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ పర్యవేక్షణ కథ చాలావరకు ఇదే. వసూలుకూ మంజూరుకూ బల్లలున్నాయి. బేరం జరిగే చోట కుర్చీ ఖాళీ.

ఢిల్లీకి జీడి వ్యాపారం పట్టదని కాదు. 2018–19 బడ్జెట్లో ముడి పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. 2019 జూన్‌లో విదేశీ పప్పు దిగుమతికి కనీస ధర పెంచారు: ముక్కకు కిలో 680, గుడ్డుకు (విరగని పప్పుకు) 720 రూపాయలు. మొదటి నిర్ణయంతో ఫ్యాక్టరీలకు ముడిసరుకు చవకైంది, రెండో దానితో వియత్నాం పప్పు నుంచి రక్షణ దొరికింది. రెండూ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయాయి. గేటు బయట బస్తా దించుతున్న రైతుకు మొదటి నిర్ణయం నిజానికి పోటీని పెంచింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో జీడి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూకటివేళ్లతో పెకలించింది. ఆ తర్వాత నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఆగినవాడికి చివరికి దొరికేది ఆ ఏడు ఓడలో వచ్చిన సరుకును బట్టి పలికే ధర.

ఆ ఓడ బయల్దేరే చోట సంగతి వేరు. ఐవరీ కోస్ట్‌లో పత్తి–జీడి మండలి 2013 నుంచి పనిచేస్తోంది. ఏటా సీజన్ మొదట్లో తోట దగ్గర కనీస ధర ప్రకటిస్తుంది, కొనేవాళ్లకు అనుమతులిస్తుంది. అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. పక్క దేశంలో ధర ఎక్కువుంటే సరుకు రాత్రికి రాత్రే సరిహద్దు దాటుతుంది. టాంజానియాలో అయితే 2018 నవంబరులో ధర మీద వ్యాపారులతో పేచీ వచ్చి, అప్పటి అధ్యక్షుడు మగుఫులి పిక్కలు సేకరించడానికి సైన్యాన్నే దింపాడు. అది మనకు ఆదర్శం కాదులెండి. కానీ రైతు బస్తా ధర రాజ్యం పట్టించుకోవలసిన విషయమేనన్న దగ్గర అక్కడ సందేహం లేదు. కాశీబుగ్గలో ఏ ఫ్యాక్టరీ ఏ నెలలో ఆగుతుందో చివరికి ఆ దేశాల నిర్ణయాల మీద ఆధారపడటం మనం సరదాగా చెప్పుకునే ప్రపంచీకరణ.

జీడికి మద్దతు ధర లేక ఇబ్బంది. జిల్లా దాటి విజయనగరం వెళితే మద్దతు ధర ఉండి కూడా ఎత్తిపోయిన పంట కనిపిస్తుంది. గోగునారకు ఒకప్పుడు ప్రపంచ మార్కెట్లో పేరే మన ఊరిది: భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి ‘బిమ్లి జ్యూట్’ అన్నారు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం మిల్లులు ఆ నార మీద బతికినవే. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరబెట్టి, నడుం లోతు నీళ్లలో నిలబడి నార తీసేవాళ్లు. ఆ నీళ్లూ ఆ మనుషులూ కరువయ్యాక మొక్కజొన్న వచ్చింది. నారకు మద్దతు ధర ఉంది, 1971లో పుట్టిన జ్యూట్ కార్పొరేషన్ ఉంది, ఆహారధాన్యాలు గోనెసంచుల్లోనే నింపాలనే 1987 చట్టం ఉంది. ఈ పెత్తనమంతా కోల్‌కతాలో ఉంది. 2021 సెప్టెంబరు చివర జ్యూట్ కమిషనర్ ముడి జనపనార ధర క్వింటాలు 6,500 దాటకూడదని హద్దు గీశారు. బజారులో ఆ ధరకు నార దొరకలేదు. దేశమంతా మిల్లులు లబోదిబోమన్నాక 2022 మేలో ఎత్తేశారు. బెంగాల్ మిల్లుల కోసం గీసిన గీత అది. గీసినప్పుడూ చెరిపినప్పుడూ విజయనగరం లెక్కలోకి రాలేదు.

పర్యవేక్షణ జిల్లాకు దగ్గరగా ఉండాలన్న ఆలోచన కొత్తదేం కాదు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు సరిగ్గా అందుకే పుట్టాయి. 1977 డిసెంబరులో జనతా ప్రభుత్వ పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పారిశ్రామిక విధాన ప్రకటన చేశారు. 1978 మే నుంచి కేంద్రాలు మొదలయ్యాయి. చిన్న పరిశ్రమకు కావలసినవన్నీ ఒకే కప్పు కింద దొరకాలన్నది లక్ష్యం. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంటే జిల్లా కంటే జిల్లా పరిశ్రమల కేంద్రమనే ఆలోచనే పెద్దది, వయసులో. తర్వాత ఆ ఒకే కప్పు మీద సింగిల్ విండో, సింగిల్ డెస్క్, పోర్టల్ అని కొత్త పెంకులు పేర్చుకుంటూ వచ్చారు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పరిశ్రమలు, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ కూర్చుంటుంది. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నిటికి అనుమతి ఇచ్చారు, ఎన్ని పెండింగ్, ఎన్ని యూనిట్లు ‘గ్రౌండ్’ అయ్యాయి, ప్రోత్సాహకాల కింద ఎంత మంజూరు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వచ్చే వార్త ఇదే అంకెలతో ఉంటుంది.

ఈ గ్రౌండింగ్ అనే మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. విత్తనం నేలలో పడటాన్ని పంట అనం కదా.

ఉదాహరణకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం తీసుకోండి. 2008 నుంచి ఉంది. గ్రామంలో యూనిట్ పెట్టే మహిళకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలవారికి 35 శాతం సబ్సిడీ. వినడానికి డబ్బు చేతికొచ్చినట్టుంటుంది, కానీ రాదు. అది బ్యాంకులో లబ్ధిదారు పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా పడుంటుంది. దాని మీద వడ్డీ రాదు, అంతమేరకు అప్పు మీద వడ్డీ పడదు. మూడేళ్లయ్యాక మనుషులు వచ్చి యూనిట్ నడుస్తోందో లేదో చూసి, నడుస్తుంటే అప్పులోకి సర్దుతారు. నిజాయితీగా చెప్పాలంటే పథకాలన్నిటిలో నాకు నచ్చిన షరతు ఇదే. ప్రభుత్వం మూడేళ్ల తర్వాత గడప తొక్కి ‘బతికే ఉన్నావా?’ అని అడిగే అరుదైన సందర్భం. ఆ తనిఖీలో తెలిసింది సబ్సిడీ సర్దుబాటు దగ్గరే ఆగిపోతుంది. మూతపడితే ఎందుకు పడింది, ఉద్దర మునిగిందా, కరెంటు బిల్లు మింగిందా, సరుకు దొరకలేదా అన్నది వచ్చే ఏడాది ఎవరికి అప్పివ్వాలో నిర్ణయించే చోటికి చేరాలి కదా. బొబ్బిలి గ్రోత్ సెంటర్లో ఫెర్రో అల్లాయ్ కొలిములకు కరెంటే ముడిసరుకు. అక్కడ ఆరిన కొలిమిని చూస్తే కారణం కోసం పెద్దగా వెతకక్కర్లేదు.

ఉద్దర మాట వచ్చింది కాబట్టి దాని గురించి కాస్త. జీడి ఫ్యాక్టరీ యజమాని మార్చి నుంచి మే దాకా ఏడాదికి సరిపడా పిక్కలు కొని పెట్టుకోవాలి. అమ్ముడుపోయేది దసరా, దీపావళికి. ఈ మధ్యకాలమంతా వడ్డీ కాలమే. అమ్మాక కూడా ఉత్తరాది టోకు వ్యాపారి డబ్బు ఎప్పుడు పంపితే అప్పుడే. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల్లో చెల్లించాలంటుంది, లేకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. అలా కట్టని బకాయిని కొన్నవాడు ఖర్చుగా చూపించుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలోనూ 2024 నుంచి బిగించారు. కాగితం మీద ఇంత పదునైన చట్టం అరుదు. కానీ కేసు పెట్టినవాడికి వచ్చే దీపావళి ఆర్డరు ఎవరిస్తారు? పైగా ఈ రక్షణ తయారీదారుకూ సేవలందించేవాడికీ మాత్రమే. పప్పు కొని అమ్ముకునే చిల్లర వ్యాపారి చిన్న పరిశ్రమల ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైనా, 2021 నాటి సర్క్యులర్ ప్రకారం బ్యాంకు రుణాల ప్రాధాన్యం తప్ప ఇది అతనికి వర్తించదు. ఇక పొట్టు తీసి, గుడ్డూ బద్దా వేరు చేసే ఆడవాళ్లు ఈ చట్టంలో ఎక్కడా లేరు. పౌనుకు మూడొందల నుంచి మూడొందల ఇరవై గింజలు తూగేదాన్ని డబ్ల్యూ–320 గ్రేడు అంటారు. చూపుతోనే ఆ తేడా పట్టే ఆ చేతులకు కూలి కిలోల లెక్క.

వెనుకబడిన జిల్లాలని శ్రీకాకుళం, విజయనగరాలను ప్రత్యేకంగా చూశారు కదా అని అనొచ్చు. చూశారు. రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం నుంచి ఏడు జిల్లాలకు, జిల్లాకు ఏటా 50 కోట్లు, మొత్తం 350 కోట్లు. మూడేళ్లు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో నాలుగో విడత ఖాతాలో వేసి వెనక్కి లాక్కున్నారు. తర్వాత నడిచింది వినియోగ పత్రాల పంచాయితీ. పన్ను రాయితీ కూడా ఇచ్చారు: 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి మధ్య ఈ జిల్లాల్లో కొత్త తయారీ యూనిట్ పెడితే యంత్రాల విలువలో 15 శాతం అదనంగా మినహాయింపు. మినహాయింపు వాడుకోవాలంటే ముందు పన్ను కట్టేంత లాభం ఉండాలి. పైడిభీమవరం మందుల కంపెనీకి ఉంటుంది, కాశీబుగ్గ భాగస్వామ్య సంస్థకు ఉండేది అంతంతమాత్రం. 2019లో కంపెనీలకు 22 శాతం పన్ను పద్ధతి వచ్చాక దాన్ని ఎంచుకున్నవాళ్లు ఈ మినహాయింపు వదులుకోవాల్సి వచ్చింది. రాయితీ ఇచ్చిన చేయీ, దాన్ని అక్కర్లేకుండా చేసిన చేయీ ఒకటే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక సాలూరు మిల్లు ఒక కలెక్టరు కిందికి, రాజాం, బొబ్బిలి మరో కలెక్టరు కిందికి వచ్చాయి. గోగునార గురించి ఒకే బల్ల దగ్గర మాట్లాడే అవకాశం అప్పుడూ రాలేదు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే పిక్కల ఓడ పలాసకు దగ్గరవుతుందని ఆశ. కావచ్చు. ఓడ దగ్గరైతే ఆఫ్రికా బస్తా ఇంకా చవకగా దిగుతుంది. దాని వెంట అవుట్‌టర్న్ కాగితం వస్తుంది.

ఉద్దానం బస్తాకు అలాంటి కాగితం ఇవ్వడానికి ఏ చట్టమూ సవరించనక్కర్లేదు. మార్కెట్ యార్డులో ఒక గది, రెండు కాటాలు, సీజన్ మూడు నెలలకు శిక్షణ పొందిన నలుగురు ఊరి అమ్మాయిలు. రోజూ సాయంత్రం బోర్డు మీద మూడు అంకెలు: ఇవాళ్టి సగటు అవుట్‌టర్న్, ఇవాళ పలికిన ధర, విశాఖ రేవులో ఆఫ్రికా పిక్క ధర. పరిశ్రమల కమిటీ తన సమావేశంలో గ్రౌండింగ్ అంకె పక్కన ఈ మూడూ చదవాలి. మార్చిలో పిక్క రాలడం మొదలవుతుంది.