ఉపగ్రహము పలుకనప్పుడు

2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయమున దిగవచ్చుచున్న కొన్ని విమానములకు ఆకాశమునుండి దొంగ సంకేతములు అందినవి. ఎక్కడ నున్నామో చెప్పవలసిన సాధనమే లేని చోటును చూపినది. డిసెంబరు 1వ తేదీన కేంద్ర పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామమోహన నాయుడుగారు రాజ్యసభలో ఈ సంగతిని అంగీకరించి, కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైల నుండియు ఇట్టి ఫిర్యాదులు వచ్చుచున్నవని తెలిపిరి. నేలమీది రేడియో సాధనము లుండబట్టి విమానములు క్షేమముగా దిగినవి. ప్రమాదము తప్పినది గదా యని లోకము ఆ మాటను మరచినది. మరువదగిన మాట కాదని మా యభిప్రాయము.

జీపీఎస్ అని మనమందరము ఫోనులలో వాడుకొనుచున్నది అమెరికా సైన్యము నడుపు ఏర్పాటు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములనుండి నేలను చేరునప్పటికి ఆ సంకేతమునకు మిగులు బలమెంత? ఒక వాట్టును పదివేల లక్షల కోట్ల భాగములు చేసినచో అందొకటి రెండు భాగములు! తిరునాళ్లలో గుసగుస వినుట వంటిది. ప్రక్కవాడు కేక వేసిన నది వినబడదు. అదే గొంతుతో మరియొకడు అబద్ధమాడిన మనము నమ్ముదుము. న్యాయస్థానములలో కూటసాక్షిని ఎదురు ప్రశ్నలతో పట్టుకొనవచ్చును. రెండవ సాక్షియే లేనిచోట పట్టుకొను టెట్లు? అంతే కాదు. 2000 సంవత్సరము మే నెల వరకు ఆ ప్రభుత్వమే తన సైన్యమునకు సరియైన సంకేతమును, తక్కిన లోకమునకు బుద్ధిపూర్వకముగా చెరిపిన సంకేతమును ఇచ్చుచుండెను.

మనకు నావిక్ లేదా యని కొందరడుగుదురు. ఉన్నది, ఉండవలసినదే. శ్రీహరికోటనుండి 2013లో మొదటి ఉపగ్రహము లేచినది మొదలు మన శాస్త్రజ్ఞులు పడిన శ్రమ తక్కువది కాదు. కాని అందు బిగించిన విదేశపు గడియారములు కొన్ని ఆగిపోయినవి. 2025 జనవరి 29న పంపిన ఉపగ్రహము అనుకొన్న కక్ష్యను చేరలేదు. ఇవి సరిదిద్దుకొనదగిన లోపములే. అసలు చిక్కు వేరు. ఉపగ్రహము మనదైనను దాని గుసగుసయు గుసగుసయే. కేకవేయువాడు స్వదేశి సంకేతమని జాలిపడడు.

కావున యంత్రమునకు స్వంత కన్ను కావలెను. దీని పద్ధతి కష్టమైనను, ఊహకందనిది కాదు. డ్రోను కడుపున నొక కెమెరా యుండి సెకనుకు పదులకొలది బొమ్మలు తీయును. బండకొన, గట్టుమలుపు, ఇంటిమూల, ఇట్టి గురుతులు ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు ఎంత జరిగినవో లోపలి చిన్న కంప్యూటరు లెక్కించును. ఎత్తును, వంపును తెలుపు సాధనములతో జోడించినచో ఎటు ఎంత దూరము వచ్చితిమో తేలును. ఈ లెక్క దూరపు కార్యాలయమునకు పంపి జవాబునకు కాచుకొని యుండదగినది కాదు. సంకేతములు తెగిన చోటనే గదా దాని యక్కర! కన్నున్న చోటనే బుద్ధియు నుండవలెను.

అంగారకునిపై ఇది రుజువైనది. అక్కడ జీపీఎస్ లేదు. భూమినుండి ఆజ్ఞ చేరుటకు నిమిషములు పట్టును. 2021 ఏప్రిల్ 19న అక్కడ లేచిన 1.8 కిలోల ఇంజెన్యూయిటీ యను చిన్న హెలికాప్టరు నేలను చూచు కెమెరాతో, ఫోనులలో వాడు తరహా చిప్పుతో తన దారిని తానే లెక్కించుకొనెను. ఐదుమార్లు ఎగిరిన చాలుననుకొన్నది 72 మార్లు ఎగిరినది. దాని ప్రధాన ఇంజనీరు శ్రీ బాబ్ బలరాం మన మదనపల్లె సమీపమునందలి ఋషివ్యాలీలో చదువుకొన్నవాడే. ఆరవసారి ఒక్క బొమ్మ జారిపోయి, తరువాతి బొమ్మల వేళలన్నియు తారుమారై, అది తాగినవానివలె ఊగెను. ఎట్లో క్షేమముగా దిగెను. 2024 జనవరి 18న మాత్రము దిగలేదు. ఏ గురుతును లేని ఇసుకతిన్నెలపై కన్ను నిలువక లెక్క తప్పి, రెక్కలు విరిగినవి.

ఈ తుది ప్రయాణమును మన ఇంజనీర్లు మరువరాదు. గురుతులు లేనిచోట కన్నున్నను గ్రుడ్డియే. గురుతులున్నను చిన్న చిన్న తప్పులు ప్రోగుపడి మైళ్ల దూరమున పెద్ద తప్పగును. అప్పుడప్పుడు క్రింద కనబడు నేలను లోపల దాచిన పటముతో పోల్చి సరిచూచుకొనవలెను. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన విక్రమ్ చేసిన పని యిదియే. తన కెమెరా చూపిన నేలను ముందుగా నిలువజేసిన చంద్రపటముతో పోల్చి చోటు తెలిసికొనెను. ఆ దిగుచోటు నింత సూక్ష్మముగ ఎరుగుటకు తోడ్పడిన చిత్రము లెవ్వరివి? 2019లో దిగుచు పగిలిన చంద్రయాన్-2 యొక్క పైని భాగము, చంద్రుని చుట్టు తిరుగుచు తీసినవి. ఆ ఓటమిలో మిగిలినదే ఈ గెలుపునకు అక్కరకు వచ్చెను.

చంద్రుని పటమును మనమే గీసికొంటిమి. కృష్ణా గోదావరి మండలముల పటమో? కెమెరా అంగడిలో దొరకును, చిప్పును కొనవచ్చును, పటమును కొని తెచ్చుకొన్న బానిసత్వము పోదు. కొన్నను చాలదు. చంద్రుని నేల మారదు, మన నేల మాసమునకొక రూపు దాల్చును. వైశాఖమున ఎండి బీటలువారిన చేను శ్రావణమున నీటిమడుగు, భాద్రపదమున పచ్చని తివాసి, కోతలైన పిమ్మట మరల గోధుమవన్నె. వేసవిలో తీసిన పటముతో బయలుదేరిన డ్రోను ఆశ్వయుజమున అదే యూరిని పోల్చలేదు. వరదవేళ గట్లును మునిగి అంతయు ఏకజలమైనచో, అది అంగారకుని ఇసుకతిన్నెయే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో డ్రోనులు ఆహారపు పొట్లములు మోసినవి. ఇట్టి పనికి కన్ను అక్కరకు వచ్చునది వరదలోనే, మోసపోవునదియు వరదలోనే.

హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము చెంత మన ఉపగ్రహములు ఏండ్ల తరబడి తీసిన చిత్రములున్నవి. ఒక్కొక్క మండలమునకు ఋతువువారీగా, పనికివచ్చునంత సూక్ష్మమైన చిత్రములను, ఈ శాస్త్రమున కృషిచేయు కళాశాలలకు వెల లేకుండ, విన్నపముల కాగితములు పెంచకుండ ఈయవలెను. శత్రువునకు చిక్కునని కార్యదర్శులు శంకింతురు. సైనిక స్థావరములను మినహాయింపుడు, కాదనము. తక్కిన దానిని విదేశపు కంపెనీలు డబ్బిచ్చిన వారికెల్ల అమ్ముచునే యున్నవి. దాచుట వలన చూడలేకపోవువారు మన విద్యార్థు లొక్కరే. 2021 ఫిబ్రవరిలో పటముల నిబంధనలను సడలించిన ప్రభుత్వమునకు ఇంకొక యడుగు వేయుట బరువు కాదు.

చిత్రము లిచ్చినంతనే సరిపోదు. ఎగిరి చూచు చోటు కావలెను. జీపీఎస్‌ను ఆపివేసి పొలములపై, కొండలపై, తుంపరలో, పొగమంచులో ఎగురవేసి ఎన్ని గజములు తప్పినదో బహిరంగముగ ప్రకటింపవలెను. ఎండకాచిన మైదానమున ఒక్క పూట చూపిన ప్రదర్శనను పరీక్షయనుట ప్రజల ధనముతో ఆడుకొనుట. రెండు తెలుగు ప్రభుత్వములును కలిసి కోనసీమలో నొక చోటును, నల్లమల అంచున నొక చోటును కేటాయించి, వచ్చు వానకారుననే ఈ పరీక్షలు మొదలుపెట్టింపవలెనని కోరుచున్నాము.