జాకీ మీద బండి, బండి కింద మనిషి

ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో పసుపు, ఎర్రజొన్న, ఎరువుల బస్తాలు మోసే చిన్న వ్యాన్లలో గణనీయమైన భాగం పాతబడినవే. 1984లో మారుతి వ్యానుగా వచ్చి, ఓమ్నీ అన్న పేరుతో 2019 దాకా తయారైన బండి గాని, 2005లో మార్కెట్‌లోకి దిగిన టాటా ఏస్ గాని పదిహేనేళ్లు దాటిన తరువాత కూడా పనిచేస్తూనే ఉంటాయి. అయితే వాటిని నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రం ఏటేటా పెరుగుతుంది. సొంత వాడకపు కార్ల తరగతిలో పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమే 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల స్థానంలో 5,000 రూపాయలైంది. అందువల్ల ఆయిలు మార్చడం, బ్రేకు డ్రమ్ము విప్పి శుభ్రం చేయడం, కమాన్ కట్టల బుష్షులు మార్చడం వంటి పనులను యజమాని ఇంటి ముందరే చేసుకోవాలనుకోవడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తప్పు పట్టవలసింది, ఆ పనికి బండితో వచ్చిన ఒక్క జాకీనే నమ్ముకోవడం.

జాకీ అనేది బండిని పైకి లేపే సాధనం మాత్రమే. లేచిన బండిని మనిషి కింద పనిచేసేంతసేపు మోయడానికి దానిని తయారు చేయలేదు. మర జాకీలో, అంటే స్క్రూ తిప్పితే లేచే రకంలో, మర చుట్ల మధ్య రాపిడి బరువును దిగజారకుండా ఆపుతుంది గాని, దాని అడుగు ఇరుకుగా ఉండడం వల్ల బండి కాస్త పక్కకు కదిలితే చాలు, జాకీ ఒరిగిపోతుంది. రిచర్డ్ డడ్జన్ 1851లో అమెరికాలో పేటెంటు పొందిన హైడ్రాలిక్ జాకీ, మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అంతటా సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం మీద నడుస్తుంది. నూనెను పట్టి ఉంచే రబ్బరు సీలు అరిగినప్పుడు, ముఖ్యంగా ఎండకు నూనె పలచబడే వేసవిలో, ఆ ఒత్తిడి చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. జాకీ మీద రెండు టన్నులని రాసి ఉన్నంత మాత్రాన ధైర్యపడడానికి లేదు, ఎందుకంటే ఆ అంకె ఎంత బరువు లేపగలదో చెబుతుంది గాని ఎంతసేపు ఆపగలదో చెప్పదు.

ఈ విషయంలో ఎక్కువమంది పొరపడే చోటు మరొకటి ఉంది. బండిని గేరులో వేసి ఉంచితే కదలదన్న నమ్మకం ముందు చక్రాన్ని లేపినప్పుడు చాలావరకు నిజమే గాని, వెనక చక్రాన్ని లేపినప్పుడు నిజం కాదు. ఓమ్నీ, ఏస్ రెండూ ఇంజను శక్తి వెనక చక్రాలకు అందే బండ్లు. ఆ శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, అంటే మెకానిక్కులు క్రౌన్ అని పిలిచే గేర్ల పెట్టె, మలుపుల్లో ఒక చక్రం వేగంగా, మరొకటి నెమ్మదిగా తిరగడానికి వీలు కల్పిస్తుంది. ఒక వెనక చక్రం గాలిలోకి లేచినప్పుడు ఇదే ఏర్పాటు ప్రమాదకరంగా మారుతుంది: ఇంజను క్రౌన్‌ను కదలనీయకుండా పట్టుకున్నా, నేల మీది చక్రం ముందుకు దొర్లితే గాలిలోని చక్రం వెనక్కి తిరుగుతుంది, బండి జాకీ మీది నుంచి జారుతుంది. అప్పుడు మిగిలిన ఆధారం హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అది కూడా ఈ బండ్లలో వెనక డ్రమ్ములనే పట్టుకుంటుంది, పాత బండ్లలో దాని కేబులు సాగిపోయి ఉండే అవకాశం ఎక్కువ. వెనక డ్రమ్ము విప్పాలంటే ఆ హ్యాండ్ బ్రేకును కూడా వదలక తప్పదు కనుక, పని మధ్యలో ఆ ఒక్క పట్టూ పోతుంది. అందుకే వెనక భాగం లేపేముందు ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టడం తప్పనిసరి. ఆ అడ్డు వాలుగా కోసిన గట్టి చెక్కదై ఉండాలి. ఆర్మూర్ గుట్టల ప్రాంతంలో రాళ్లకు కొదవ లేదు గాని, గుండ్రాయి తానే దొర్లుతుంది. 

నేల సంగతి కూడా ఆలోచించదగినదే. రేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పైన ఎండి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉండి, జాకీ అడుగును ఒక పక్కకు దిగనిస్తుంది. రైతు ఇంట దొరికే చదునైన గట్టి నేల సాధారణంగా సిమెంటు కల్లం. జనవరి నుంచి మార్చి దాకా తవ్వి ఉడకబెట్టిన పసుపు కొమ్ములు దాని మీద రెండు వారాల దాకా ఆరుతూ ఉంటాయి కాబట్టి, కిందికి దూరే మరమ్మతులను ఆ నెలలకు ముందో వెనకో పెట్టుకోవడం మంచిది. మట్టి నేల తప్పనప్పుడు జాకీ కింద, లేపిన బండిని ఆనించే జాక్ స్టాండ్ల కింద మందపాటి వెడల్పు పలక వేయాలి.

పాత వ్యానులో ఇంకొక చిక్కు ఇనుములోనే ఉంటుంది. ఎరువుల బస్తాలు మోసిన బండిలో రాలిన పొటాష్ క్లోరైడ్ లవణమే కాబట్టి, తడి తగిలితే రేకును తినేస్తుంది. అందువల్ల కంపెనీ పుస్తకంలో చూపిన జాకీ చోటు కూడా బయటికి రంగుతో బాగా కనిపిస్తూ లోపల గుల్లబారి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూసి, రేకు లొంగితే అక్కడ జాకీ పెట్టకూడదు. వెనక వైపు కమాన్ కట్టకు దగ్గరగా, ఇరుసు గొట్టం కింద పెట్టడం మేలైన పద్ధతి: ఛాసిస్ కింద లేపితే కమాన్ కట్టలు సాగి ఇరుసు కిందికి వేలాడుతుంది కనుక చక్రం లేవడానికి బండిని ఇంకా ఎత్తవలసి వస్తుంది, ఇరుసు కింద లేపితే తక్కువ ఎత్తుతో పని జరుగుతుంది. క్రౌన్ పెట్టె మూత మీద మాత్రం బరువు ఆనించకూడదు.

బండి ఖాళీ చేసి, తాళంచెవి తీసి, బోల్టులను చక్రం నేల మీద ఉండగానే వదులు చేసి, లేపిన వెంటనే జాక్ స్టాండ్లు, అంటే ఎత్తు సర్దుకునే నాలుగు కాళ్ల ఇనుప పీటలు, ఇరుసు కింద పెట్టి, బరువును వాటి మీదికి దించాలి. కిందికి వెళ్లేముందు బండిని చేతులతో గట్టిగా ఊపి చూడాలి. స్టాండ్లకు బదులుగా ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చే అలవాటు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. చెక్క విరిగేముందు పెళపెళమంటుంది గాని, ఇటుక హెచ్చరిక లేకుండా పగులుతుంది. స్టాండు కూడా తప్పు చేయనిదేమీ కాదు: అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ అమ్మిన స్టాండ్లలో కొన్ని రకాలను, బరువు కదిలితే పన్ను జారి హఠాత్తుగా దిగిపోవచ్చన్న కారణంతో 2020లో వెనక్కి పిలిపించారు. అందుకే విప్పిన చక్రాన్నో స్టెప్నీనో ఛాసిస్ కింద అడ్డంగా పడుకోబెట్టే పాత మెకానిక్కుల అలవాటును స్టాండ్లు ఉన్నప్పుడు కూడా మానకూడదు.

ఏడాదికి రెండుమూడు సార్లు మాత్రమే అవసరమయ్యే స్టాండ్లను ప్రతి ఇల్లూ కొనాలనడం న్యాయం కాదు. ట్రాక్టరు పరికరాలను అద్దెకిచ్చే కేంద్రాలు, సహకార సంఘాలు ఒక్కో జత స్టాండ్లను, నాలుగు అడ్డు చెక్కలను తమ జాబితాలో చేర్చుకోవచ్చు; దానికి పెద్ద నిధులు అక్కర లేదు. అవి అందేదాకా, స్టాండ్లు లేని ఇంట్లో చక్రం మార్చడం వరకే పెట్టుకుని, బండి కిందికి దూరవలసిన ఏ పనికైనా గుంత ఉన్న షెడ్డుకు తీసుకుపోవాలి.