మీటలపై పెత్తనము

మొన్న మా కార్యాలయమందలి కంప్యూటరు, ఆపరేటింగు సిస్టమును అప్‌గ్రేడు చేయుమని దినమున కొకమాఱు హెచ్చరించుచుండగా, మా గుమాస్తా వేసారి సరే యనెను. మఱునాటి యుదయమున చందాదారుల ఈ-మెయిలు చిరునామాలు టైపు చేయ గూర్చుండినంతనే @ గుర్తు రావలసిన చోట కొటేషను గుర్తు వచ్చెను. # నకు మాఱుగ పౌను గుర్తు నిలిచెను. మరమ్మతు దుకాణమువారు దూరమునుండియే చూచి, "కీబోర్డు చెడినది, క్రొత్తది కొనుడు" అని సెలవిచ్చిరి.

చెడినది కీబోర్డా? కానే కాదు. మీటను నొక్కినప్పుడు కీబోర్డు పంపునది అక్షరము కాదు, ఫలానా స్థానమందలి మీట నొక్కబడినదను సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యకు అక్షరమును నిర్ణయించునది లోపలనుండు లేఔటు అను పట్టిక. 2 అంకె మీటను షిఫ్టుతో నొక్కిన అమెరికా పట్టికలో @ వచ్చును, బ్రిటిషు పట్టికలో కొటేషను గుర్తు వచ్చును. 3 అంకె సంగతియు నిట్టిదే. మన బజారులలో దొరకు కీబోర్డులపై సాధారణముగ ముద్రితమై యుండునది అమెరికా వరుస. అప్‌గ్రేడో, మమ్మడుగకయే బ్రిటిషు పట్టికను గద్దె నెక్కించినది! 1947లో దొరలు వెడలిపోయిరి. వారి పౌను మాత్రము మా చందాల రూపాయల నడుమ మరల ప్రత్యక్షమైనది. సెట్టింగులలో భాషల పుటను తెఱచి, కోరని పట్టికను తొలగింపగా రెండు నిమిషములలో మీటలు దారికి వచ్చెను. కాసు ఖర్చు లేదు.

కావున పాఠకులు డబ్బు చెల్లింపకముందు ఆ కీబోర్డునే వేఱొక కంప్యూటరునకు తగిలించి చూతురుగాక. అచట సరిగ పలికినచో దోషము లోపలిదే. అచటను పలుకనిచో దుకాణమునకు పోవచ్చును.

తెలుగు వ్రాయువాని యవస్థ యింతటితో తీరదు. కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు వరుసను మన లిపుల కన్నింటికిని ఏర్పరచెను. తెలుగున 'క' యున్న మీటమీదనే కన్నడమునను హిందీయందును 'క' యుండును. 1991లో అది భారతీయ ప్రమాణములలో చేరినది. ఆ యేటనే వెలువడిన యూనికోడు మొదటి సంచికలో తెలుగునకును స్థానము లభించినది. ఇట్టి సొంత యాస్తి యుండగా మనవారు చేసినదేమి? ఒక్కొక్క ఫాంటు నొక్కొక్క మీటల వరుసతో కొని, యువకులకు దానినే నేర్పిరి. డి.టి.పి. పనివాడు పుటల లెక్కన కూలి గొనువాడు. ఏండ్ల తరబడి వాని వ్రేళ్లు నేర్చిన విద్య, ప్రాత సాఫ్ట్‌వేరు నూతన సిస్టముపై తెఱచుకొనని నాడు మన్నగును. ఆ నష్టమును వానికెవరు పూడ్తురు? తప్పు మనదియు నున్నదని యొప్పుకొనక తప్పదు.

లినక్సు పక్షమువారు నవ్వనక్కఱలేదు. ఫెడోరా 2016లో, తరువాత ఉబుంటు, వేలాండు అను నూతన ప్రదర్శన పద్ధతిని సాధారణ పద్ధతిగ చేసికొనెను. ఎక్స్‌మాడ్‌మ్యాపుతో మీటలను తమకు వలసినట్లు దిద్దుకొన్నవారి దిద్దుబాట్లను ఆ పద్ధతి లెక్కగొనదు. ప్రాత పద్ధతిలో ఒక ప్రోగ్రాము వేఱొకదానికై నొక్కిన మీటలను దొంగచాటుగ వినవచ్చును గావున మార్పునకు న్యాయమైన కారణమే కలదు. కారణము న్యాయమైనప్పుడు ముందు చెప్పుట కేమి యడ్డము? "నీ దిద్దుబాట్లు చెల్లవు, దారి యిది" యని తెఱపై నొక్క వాక్యము చాలును గదా!

2025 అక్టోబరు 14న విండోసు 10నకు సాధారణ మద్దతు ముగిసినది. కచేరీలలో, పాఠశాలలలో అప్‌గ్రేడు చేయింపక తప్పని స్థితి యేర్పడినది. ఈ పనికి టెండర్లు పిలుచు ప్రభుత్వములను మేమడుగునది స్వల్పము. పనిచేయువాని కీబోర్డు పట్టికను వాని యనుమతి లేక మార్పరాదు. అప్‌గ్రేడైన ప్రతి యంత్రముపైన ఒత్తులు, పొల్లులు గల తెలుగు పుట నొకదానిని టైపు చేసి చూచిన పిమ్మటనే బిల్లు చెల్లింపవలెను. ఈ రెండు షరతులను వ్రాయుటకు అరపుట కాగితము చాలదా?

మా గుమాస్తా ఆ రెండు నిమిషముల విధానమును వ్రాసి గోడ కంటించినాడు. ఊరి గ్రంథాలయమువారు ప్రతి కోరగా పంపితిమి. మరమ్మతు దుకాణమునకును ఒకటి పంపితిమి, ప్రత్యుత్తరమింకను రాలేదు.